చెవికి రాయి తగలకూడదు

పోయిన నెల చిక్కబళ్ళాపురంలో ఒక పెళ్లికి వెళ్లాను. ముహూర్తానికి ఇంకా సమయం ఉంది. నాదస్వరం వాళ్ల ముందు మైకు పెడుతూ ఎవరో గుండీ తప్పుగా తిప్పారు కాబోలు, స్పీకర్లు మంటపం దద్దరిల్లేలా కూత పెట్టాయి. అందరూ చెవులు మూసుకున్నారు. నేను మాత్రం వెనక్కి తిరిగి మిక్సర్ బల్ల ఉన్న మూలకు చూశాను. ఇలాంటి కూత వినబడితే చాలు, తెల్ల పంచె ఎగగట్టి "తగ్గియ్యప్పా, ముందు ఆ మైకుది తగ్గియ్యి" అంటూ ఆ మూలకు పరుగెత్తే మనిషి ఒకాయన ఉండేవాడు. ఇప్పుడక్కడ ఎవడో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. మా చిన్నాయన పోయి అప్పటికే ఆరు నెలలు దాటింది. తెలిసి తెలిసీ ఎందుకు తిరిగి చూశానో నాకే అర్థం కాలేదు.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. చింతామణిలో మా కిరాణా అంగడి ఆయనే చూసుకునేవాడు. ఆ అంగడికి ఊళ్లో ఒకటే పేరు: వీళ్ల కందిబేడల్లో రాయి ఉండదు. అంగడి వెనక వసారాలో ఆడవాళ్లు వరసగా చేటలు పట్టుకుని కూర్చుని చెరిగేవాళ్లు, ఏరేవాళ్లు. "గిరాకీ పంటికి రాయి తగలకూడదు" అన్నది మా తాత పెట్టిపోయిన మాట. ఆయన పెట్టిన ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఏరిన రాళ్లు, చెరిగిన పొట్టు దీపాలు పెట్టేలోగా గడప దాటిపోవాలి. చెత్త ఇంట్లో ఉండగా దీపం పెడితే లక్ష్మి లోపలికి రాదట. చిన్నాయన సాయంత్రం వసారా అంతా తిరిగి చూసి, మూలల్లో వంగి చూసి, కాళ్లు కడుక్కుని అప్పుడు దీపం వెలిగించేవాడు.

తాత పంటికి చెప్పిన మాటను ఈయన చెవికి తగిలించుకున్నాడు. "చెవికి రాయి తగలకూడదు పాపా" అనేవాడు నాతో.

అంగడి మీద మిద్దెగది ఆయన రాజ్యం. గదిలో మోత ఉండకూడదని గోనె సంచుల్లో పాత పరుపుల దూది కుక్కించి, కుట్టించి, గోడలన్నిటికీ వేలాడదీశాడు. దానికి బెంగళూరులో ఏవో పలకలు అమ్ముతారు గాని, "మన సంచులకేం రోగం?" అన్నాడు. దూదిలో ఎలుకలు పిల్లలు పెట్టాయి. "పోనీ, మీ చిన్నాయన కచేరీ ఎలుకలకైనా పనికొచ్చె" అనేది చిన్నమ్మ. రెండు స్పీకర్లకూ సమదూరంలో ఒకే ఒక కుర్చీ, దాని కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీసిన గుర్తులు. చిన్నమ్మ కసువు ఊడ్చేటప్పుడు కుర్చీ జానెడు జరిగిందంటే, కళ్లు మూసుకుని వింటున్నవాడు కళ్లు తెరవకుండానే అరిచేవాడు. "పాటగాడు కిటికీ తట్టుకు పోయినాడే! ఎవురు జరిపింది?"

ఆ కుర్చీలో ఒక్కరే కూర్చోగలరు. మిగిలిన చోట్ల నిలబడి వింటే అది వినడమే కాదని ఆయన సిద్ధాంతం. అందుకని ఇంటికి ఎవరైనా వస్తే ఒక్కొక్కరినే పిలిచి కూర్చోబెట్టేవాడు, మిగిలినవాళ్లు డాక్టరు గది బయట ఉన్నట్టు మెట్ల మీద వరసగా కాచుకుని ఉండేవాళ్లు. బయటికి వచ్చినవాళ్లు ఏం వినబడిందో చెప్పాలి. "బాగుండాది" అంటే ఒప్పుకునేవాడు కాదు. "మురుదంగం ఎడమ తట్టు వినపడిందా లేదా? అది చెప్పు."

నేను హైస్కూల్లో లెక్కల మేడాన్ని. నాకు కారు ఉంది, ఆయనకు తోలడం రాదు. మా సంగీత బంధం అలా మొదలైంది. బెంగళూరులో శ్రీరామనవమి పందిళ్లు, గూళూరు తట్టు జాతరల్లో ఆర్కెస్ట్రాలు, బాగేపల్లిలో పౌరాణిక నాటకాలు, ఏదైనా సరే ఆయన వేదిక వైపు చూసేవాడు కాదు. నేరుగా మిక్సర్ దగ్గరికి పోయి, వేయించిన చెనిక్కాయల పొట్లం బల్లమీద పెట్టి, "ఒక లైను ఇయ్యప్పా" అనేవాడు. లైను అంటే ఆ మిక్సర్ నుంచి తన రికార్డరుకు ఒక తీగ. ఇవ్వకపోతే ఇంకో పొట్లం తీసేవాడు. చెనిక్కాయలకు లొంగని సౌండు మనిషిని నేను చూడలేదు.

ఖాళీ కల్యాణ మంటపం కనబడితే లోపలికి దూరి, మధ్యలో నిలబడి, ఒకే ఒక్క చప్పట్టు కొట్టి చెవి రిక్కించేవాడు. నంది ఊరి గుడి రాతి మంటపంలో అలాగే కొడితే కాపలావాడు వచ్చి "ఏనప్పా, తలె కెట్టిదెయా?" అని, తల చెడిందా అన్నట్టు, కన్నడంలో అరిచాడు. చిన్నాయన ఏమీ అనుకోకుండా వాడితో కన్నడంలోనే ఆ రాయి శబ్దాన్ని ఎంతసేపు పట్టుకుంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. నేను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఒకసారి బెంగళూరు మైదానంలో గిటార్ల హోరుకు కూడా తీసుకెళ్లమన్నాడు. చుట్టూ పచ్చబొట్ల పిల్లలు ఎగురుతున్నారు, నడుమ ఈయన పంచె, నుదుట కుంకుమబొట్టు, చెవుల్లో దూది. పిల్లలు ఆయన్ను పట్టుకుని ఫోటోలు దిగారు. తిరిగి వస్తూ, "పాట నాకేం తెలియలా. కానీ ఆ డోలు రొమ్ములో మోగింది పాపా, రొమ్ములో!" అని దారి పొడుగునా గుండె మీద కొట్టుకుంటూ వచ్చాడు.

కచేరీలో ఏనాడూ చప్పట్లు కొట్టినవాడు కాదు. రికార్డులో పడతాయని. నేను తుమ్మితే తొడపాశం పెట్టేవాడు. నాకప్పటికి నలభై ఏళ్లు.

అసలు పండగ ఇంటికి వచ్చాక. కంప్యూటరులో ఆయన రకరకాల సాఫ్ట్‌వేర్లు పెట్టుకున్నాడు. పాట తెరమీద రంగుల మచ్చలుగా పరుచుకునేది. "ఇదో, ఈ పొడుగు గీత ఫ్యాను. ఇది ఎవురిదో దగ్గు. ఈడ పిల్లోడు ఏడ్చినాడు" అంటూ మౌసుతో ఒక్కొక్క మచ్చను చుట్టి తీసేసేవాడు. కొత్త వర్షన్ వచ్చిందంటే పండగలకు కొత్తబట్టలు వచ్చినంత సంబరం. అది ఫ్యానునూ దగ్గునూ దానంతట అదే ఏరేస్తుంది, గొంతును ఒక పక్కకు, తాళాన్ని ఒక పక్కకు విడదీస్తుంది. ఏరడం పూర్తయ్యాక, వసారాలో ఆడవాళ్లు చేటలు దులిపే వేళకు, ఈయన పైన అసలు రికార్డును చెరిపేసేవాడు. చెత్తబుట్ట గుర్తు కూడా ఖాళీ చేసి, కాళ్లు కడుక్కుని దీపం పెట్టేవాడు.

"చిన్నాయనా, అసలుది కూడా ఒకటి పెట్టుకోకూడదా?" అన్నాను ఒకసారి.

"పొట్టు ఎవురన్నా దాచిపెట్టుకుంటారా పాపా?" అన్నాడు, నా తెలివికి జాలిపడుతూ.

మండికల్లు దగ్గర ఒక పల్లెలో భజన మేళం ఉండేది. దానికి పెద్ద ఒక రైతు, నాలుగు ఆవులు, రాగిచేను, గొంతు మాత్రం గుడిగంట. ఆయన ఒక చరణం ఎత్తితే మిగిలినవాళ్లు అందుకునేవాళ్లు. ఆ గొంతు కోసం చిన్నాయన నన్ను ఆ పల్లెకు ఎన్నిసార్లు తిప్పాడో. ఆ ముసలాయనకు ఒక అలవాటు. పాట మంచి ఊపులో ఉండగా టక్కున ఆపి, తొడమీద చరిచి, వెనక ఆడవాళ్లలో కూర్చున్న పెళ్లాం తట్టు తిరిగి, "ఒసేయ్, రోంత నీళ్లు తేయే" అనేవాడు. ఆమె చెంబు తెచ్చేది. అందరూ నవ్వేవాళ్లు. ఆయన గుటకలు వేసి, గొంతు సవరించుకుని, వదిలిన చోటనే మళ్లీ ఎత్తుకునేవాడు. నాకు ఆ పాటలకన్నా ఆ నీళ్లు అడగడమే ముద్దుగా ఉండేది. చిన్నాయన మాత్రం చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లు పట్టుకుని పళ్లు కొరికేవాడు. "బంగారట్లా పాటలో సరిగ్గా నడుమ నీళ్లు పోసినాడు చూడు!"

ఆ ముసలాయన పోయాడు. ఏడాది తిరక్కుండా ఆయన భార్యా పోయింది. సంవత్సరీకాలు అయ్యాక వాళ్ల కూతురు మా అంగడికి వచ్చింది. అదే పల్లెలో ఇచ్చారు ఆమెను, ఆవులు మేపి డెయిరీకి పాలు పోసుకుంటుంది. ఆదివారం కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను.

"అప్పా, మా నాయన భజన మీ దగ్గర ఉండాదంట కదా. ఒగసారి ఇనిపిస్తారా?"

చిన్నాయన ముఖం వెలిగిపోయింది. గల్లా వదిలి లేచాడు. ఆమెను మిద్దె ఎక్కించి, ఆ కుర్చీలో కూర్చోబెట్టి, తన జన్మలో చేసిన అతి శుభ్రమైన పనిని పెట్టాడు. ఫ్యాను లేదు, దగ్గు లేదు, తాళం చప్పుడు గొంతును మింగడం లేదు. ఆమె చేతులు కట్టుకుని విన్నది. పాట అయిపోయింది. ఇంకొకటి అయిపోయింది.

"ఇది ఎవురప్పా పాడేది?" అంది.

"మీ నాయనేనమ్మా!"

ఆయన్ను నొప్పించకుండా చెప్పాలని ఆమె మాట వెతుక్కుంది. "మా నాయన మాదిరే ఉండాది. కానీ ఇంత నున్నగా యాడ పాడతాండె? నడుమ మా అమ్మను నీళ్లు అడుగుతాండె కదప్పా. అది ఇనల్లనే వచ్చినా. ఇద్దురిదీ ఒగటే తూరి ఇంటామని."

చిన్నాయన మౌసు వదిలేశాడు. "అది... అది తీసేస్తిని అమ్మా" అన్నాడు.

"పోనీలే అప్పా. మీరు మాత్రం ఎంత కష్టపడినారో." ఆమె తిట్టలేదు. ఆయన ఆ పాటలు ఎక్కించి ఇచ్చిన పెన్‌డ్రైవును కొంగున కట్టుకోకుండా మెట్లు దిగి, గల్లాపెట్టె మీద పెట్టి వెళ్లిపోయింది. ఆమె మరిచిపోయిందని చిన్నమ్మ వెంటపడి పిలిచింది. మరిచిపోలేదని చిన్నాయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అప్పటినుంచి ఆయన మళ్లీ మనిషి కాలేదు. డిస్కులన్నీ సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, బెంగళూరులో చెరిగిపోయినవి తిరిగి తీసే అంగళ్లన్నీ ఎక్కాడు. చెరిపిన చోటనే మళ్లీ మళ్లీ కొత్తవి రాసి ఉన్నారు, ఇక రాదన్నారు అందరూ. ఒకచోట ఆయన ఆ పిల్లవాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి, ఎవరి దగ్గరా తగ్గని మనిషి. నాకు ఆ రోజు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో అంత ఏడుపూ వచ్చింది.

"ఆయమ్మ నన్ను రెండు మాటలన్నా బాగుండు పాపా" అనేవాడు కారులో.

తర్వాత కొన్నాళ్లకు నన్ను మిద్దెమీదికి పిలిచాడు. కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చిందట. ఒక గొంతును దానికి నేర్పిస్తే, మనం మాట్లాడిన మాటను ఆ గొంతులోకి మార్చి ఇస్తుందట. నేర్పించే గొంతులో ఫ్యాను, దగ్గు, తాళం ఏవీ ఉండకూడదట, శుభ్రంగా ఉండాలట. "మన దగ్గర ఉండేదే అది కదా" అన్నాడు. నవ్వాలని చూశాడు గాని నవ్వు రాలేదు.

"వద్దు చిన్నాయనా" అన్నాను.

"ఒక్క ముక్క. ఒక్క ముక్కే."

మైకు ముందు నిలబడి ఆయనే అన్నాడు. "ఒసేయ్, రోంత నీళ్లు తేయే." నచ్చక మళ్లీ అన్నాడు. తొడ చరిచి అన్నాడు. చివరికి యంత్రం ఆ మాటను ముసలాయన గొంతులో తిప్పి ఇచ్చింది. ఆయన ఆ ముక్కను రెండు చరణాల నడుమ అతికించాడు. అయినా పాట నున్నగా ఉంది. అప్పుడు వేరే రికార్డు చేసి ఫ్యాను చప్పుడు తెచ్చి కలిపాడు. తన దగ్గునే రెండుచోట్ల వేద్దామనుకుని, మానేసి, ఎక్కడో జాతరలో ఎవరో దగ్గింది తెచ్చి వేశాడు. జన్మంతా ఏరినవాడు కూర్చుని రాళ్లు కలుపుతున్నాడు. చూడలేక నేను కిందికి వచ్చేశాను. దీపాల వేళకు తాను పలికిన అసలు ముక్కలన్నీ చెరిపేసి, ఆయనా వచ్చాడు.

మరుసటి ఆదివారం ఆ పల్లెకు వెళ్లాం. ఆమె పాలు పోసి అప్పుడే వచ్చింది. "పాత డిస్కులో దొరికిందమ్మా" అన్నాడు చిన్నాయన, ఆమె ముఖం చూడకుండా. చిన్న స్పీకరు పెట్టాడు. ఫ్యాను చప్పుడు, దగ్గు, పాట. పాట ఆగింది. తొడమీద చరుపు. "ఒసేయ్, రోంత నీళ్లు తేయే."

ఆమె లేచింది. నీళ్లకు పోబోయినట్టు వంటింటి తట్టు ఒక అడుగు వేసి, అక్కడే నిలబడిపోయింది. తర్వాత గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. "ఇదే అప్పా. ఇదే. మా నాయనే." వచ్చి ఆయన కాళ్ల మీద పడబోతే చిన్నాయన నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగాడు. ఆమె ఫోనులోకి నేనే ఎక్కించాను, ఆయన అప్పటికే కారు దగ్గరికి పోయాడు. వచ్చేటప్పుడు ఆమె సంచెడు అనపకాయలు కారులో పెట్టింది.

చింతామణి దీపాలు కనబడ్డాయి. "ఒగడు మన వసారాకు రాళ్లు కలిపిన బేడలు తెచ్చింటే, మా నాయన వాణ్ణి మళ్లీ అంగడి మెట్లెక్కనియ్యలా పాపా" అన్నాడు. "నేనిప్పుడు ఏ మెట్లు ఎక్కల్ల?"

నేను ఏదో అన్నాను. ఆమె సంతోషపడింది కదా అనో ఏమో. ఆయన వినలేదు.

ఆ తర్వాత మిద్దె ఎక్కలేదు. తీగలన్నీ చిన్నమ్మ చేతనే పీకించాడు. వీధిలో పెళ్లి బ్యాండు పోతుంటే అంగడి తలుపు సగం దించేవాడు. "చెప్పేద్దామా ఆయమ్మకు?" అని నన్ను ఎన్నోసార్లు అడిగాడు. వెంటనే తనే "వద్దులే. వాళ్ల నాయన్ను ఇంకోసారి చంపినట్లయితాది" అనేవాడు. బేడలు మాత్రం మునుపటికన్నా కఠినంగా ఏరించేవాడు. ఏరినవాటినే మళ్లీ చేటలో పోసుకుని వసారాలో ఒక్కడే కూర్చునేవాడు. ఆ చేట ముందే ఒక మధ్యాహ్నం పక్కకు ఒరిగిపోయాడు.

దినాలు అయ్యాక చిన్నమ్మ నన్ను అడిగింది. "అన్నేండ్లు ఊరందురి గొంతులూ పట్టినాడు. ఆయనది ఒగ్గ మాటన్నా యాడన్నా ఉండదా పాపా? చూడమ్మా."

బడి సెలవులన్నీ ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాను. ప్రతి రికార్డు మొదట్లో ఆయన "చెక్, చెక్" అని ఊరి పేరు చెప్పేవాడు, నాకు బాగా గుర్తు. అన్నీ కోసేశాడు. నడుమ నాతో గుసగుసలాడినవీ లేవు, నన్ను కసిరినవీ లేవు. ఫోనులో మాట రికార్డు చేసి పంపే అలవాటు లేదు, ఆ మైకు దరిద్రమనేవాడు. అన్ని డిస్కుల్లో ఆయన ఊపిరి కూడా దొరకలేదు. తన గొంతును చెత్త కింద లెక్కకట్టి తనను తాను ఏరేసుకున్నాడు. నేను ఆ కుర్చీలో కూర్చుని ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆ తర్వాత గుర్తొచ్చింది, ఒక్కచోట ఉన్నాడని.

మండికల్లు ఆమెకు ఫోన్ చేసి, ఆ భజన నాకొకసారి పంపమన్నాను. ఎందుకని అడక్కుండా వెంటనే పంపింది. చిన్నమ్మకు చెప్పకుండా, తలుపు వేసుకుని విన్నాను. ఆ నీళ్ల ముక్క దగ్గరికి వచ్చి ఆపి, మళ్లీ విన్నాను. 'రోంత' దగ్గర ఆ సాగదీత చిన్నాయనది, పెద్ద గిరాకీ వచ్చినప్పుడు వసారాలోకి కేకేసే సాగదీత. 'తేయే' అనే ముందు చిన్నగా తడబడటం ఆయనదే. గొంతు మాత్రం ఇంకొకరిది. ఎంత చెవి పెట్టినా, ఆ గొంతు కిందినుంచి మా చిన్నాయన బయటికి రాలేదు. చిన్నమ్మకు ఏం వినిపించను?

కాసేపటికి మండికల్లు ఆమే ఫోన్ చేసింది.

"ఇన్యావా అమ్మా? దినామూ పాలు పిండేటప్పుడు పెట్టుకుంటాను. నీళ్లు అడిగే తావ ఎట్లుండాదో చూసినావా? మా నాయనే కదా?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఔనమ్మా," అన్నాను. "మీ నాయనే."